ఆ అప్పు తేవద్దు: ఏటీసీ శిక్షణ ఉద్యోగం వచ్చాకే మొదలవుతుంది

ప్రశ్న: నమస్కారమండీ. మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లె. నాన్న కౌలు రైతు. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను, ఫిజిక్స్ మేజర్, మ్యాథ్స్ మైనర్. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవ్వాలని ఇంటర్ నుంచీ కోరిక. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది ‘ఏటీసీ డిప్లొమా’కి నాలుగున్నర లక్షలు అవుతుందని, అది చేస్తే ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. నాన్న అప్పు తెస్తానంటున్నారు. డల్లాస్‌లో ఉండే బాబాయి మాత్రం ఇక్కడికొచ్చి నేర్చుకో, జీతాలు బాగుంటాయి అంటున్నారు. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లీషు రాస్తాను గానీ మాట్లాడాలంటే బెదురు. కళ్లద్దాలు కూడా ఉన్నాయి. అమ్మకేమో రాత్రి డ్యూటీల భయం. ఏ దారిలో వెళ్లమంటారు? (ఒక పాఠకురాలు, కోనసీమ)

సమాధానం:

అమ్మా, ఆ అప్పు తేవద్దని ముందు నాన్నగారికి చెప్పండి. మిగతాది నిదానంగా చదువుకోవచ్చు, ఈ మాట మాత్రం ఇవాళే చెప్పండి.

కారణం ఇదీ. మన దేశంలో పౌర విమానాలకు ట్రాఫిక్ కంట్రోల్ సర్వీసు ఇచ్చేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా, అందరూ ఏఏఐ అంటారు. మిలటరీ స్థావరాలు, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ లాంటి కొన్ని చోట్లు మినహాయిస్తే టవర్‌లో కూర్చునేది వాళ్ల ఉద్యోగులే. శంషాబాద్ ఎయిర్‌పోర్టును జీఎంఆర్ నడుపుతోంది కదా, టవర్ ఉద్యోగాలు కూడా వాళ్లే ఇస్తారేమో అని చాలామంది అనుకుంటారు. అక్కడి కంట్రోలర్లూ ఏఏఐ వాళ్లే. ఏఏఐ ముందు మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటుంది, ఆ తర్వాత తన సొంత కాలేజీల్లో తనే నేర్పుతుంది. మీరు చేరేటప్పుడు అడిగేది డిగ్రీ. ప్రైవేటు డిప్లొమా ఉన్నా ఎంపికలో దానికి మార్కులుండవు, శిక్షణలో ఒక్క రోజు కూడా తగ్గదు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేది మహా అయితే ఎయిర్‌పోర్టు నిర్వహణ గురించిన సాధారణ పరిచయం. దానికి నాలుగున్నర లక్షలు, అదీ కౌలు రైతు అప్పు చేసి కట్టడం, నా మనసు ఒప్పుకోవడం లేదు. ‘ఉద్యోగం ఖాయం’ అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. వాళ్ల జవాబును బట్టి మీకే అర్థమవుతుంది.

ఇక అసలు దారి. ఏఏఐలో మీరు చూడాల్సిన పోస్టు పేరు ‘జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్’. ఫిజిక్స్, మ్యాథమెటిక్స్ ఉన్న రెగ్యులర్ బి.ఎస్సీ గానీ, ఏ బ్రాంచిలోనైనా రెగ్యులర్ ఇంజనీరింగ్ డిగ్రీ గానీ ఉండాలి. ఇంజనీరింగ్ వాళ్లకైతే ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండు సబ్జెక్టులూ ఉండాలి. దూరవిద్య పనికిరాదు. వయసు 27 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు నిబంధనల ప్రకారం సడలింపు ఉంటుంది. మూల వేతనం 40,000 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, ఇతర అలవెన్సులు. ఆడపిల్లలకు దరఖాస్తు ఫీజు కూడా లేదు.

మీ డిగ్రీ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది కాబట్టి మీ పట్టా మీద ఫిజిక్స్ ఒక్కటే పెద్దగా కనబడవచ్చు. పాత ఎం.పి.సి. డిగ్రీల్లో ఈ ఇబ్బంది ఉండేది కాదు. మ్యాథ్స్ పేపర్లన్నీ మార్కుల మెమోల్లో పేర్లతో సహా స్పష్టంగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. డిగ్రీలో రెండు సబ్జెక్టులూ చదివారని ప్రిన్సిపాల్ గారి దగ్గర, వీలైతే యూనివర్సిటీ నుంచి కూడా, లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ తీసి పెట్టుకోండి. పరీక్ష పాసయ్యాక సర్టిఫికెట్ల పరిశీలన నాటికి ఇలాంటి కాగితం కోసం పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

పరీక్ష కంప్యూటర్ మీద. ఇటీవలి నోటిఫికేషన్లలో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. సగం ఇంగ్లీషు, రీజనింగ్, లెక్కలు, జీకే. మిగతా సగం పూర్తిగా ఫిజిక్స్, మ్యాథ్స్. ఈ రెండో సగమే మీ బలం. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు మొదటి సగంలో మిమ్మల్ని దాటిపోవచ్చు, కాలిక్యులస్, వెక్టర్లు, ఆప్టిక్స్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు తిరగేయండి, కొత్త మెటీరియల్ కొనక్కర్లేదు. 2023లో 496 పోస్టులు, 2025లో 309 పోస్టులు వచ్చాయి. ఏటా ఫలానా నెలలో వస్తుందన్న లెక్క లేదు కాబట్టి ఏఏఐ వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీని మీరే చూస్తూ ఉండాలి. ఒకసారి రాకపోయినా 27 ఏళ్ల లోపు మీకు మళ్లీ అవకాశాలుంటాయి. ఈలోగా ఒక చిన్న ఉద్యోగమో, ట్యూషన్లో చేసుకుంటూ చదవడం మంచిది. ఇంట్లో కూర్చుని ఈ ఒక్క నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే మనిషి నలిగిపోతుంది.

రాతపరీక్ష తర్వాత మీ గొంతు వింటారు. వాయిస్ టెస్ట్ అంటారు దాన్ని. ఇంగ్లీషులో చదవమంటారు, మాట్లాడిస్తారు, నత్తి గానీ తడబాటు గానీ ఉందేమో చూస్తారు. మానసిక పరీక్ష, మాదకద్రవ్యాల పరీక్ష, వైద్య పరీక్ష కూడా ఉంటాయి. కళ్లద్దాలకు భయపడకండి. కంట్రోలర్లకు అంతర్జాతీయంగా క్లాస్ 3 అనే వైద్య ప్రమాణం ఉంది. అద్దాలతోనైనా సరే ఒక్కో కన్ను 6/9, రెండు కళ్లూ కలిపి 6/6 చూపు ఉంటే చాలు. డ్యూటీలో ఇంకో జత అద్దాలు దగ్గర పెట్టుకోవాలి, అంతే. రంగుల గుర్తింపు మాత్రం తప్పనిసరి. కలర్ బ్లైండ్‌నెస్ ఉందో లేదో అమలాపురంలో ఏ కంటి డాక్టరైనా పది నిమిషాల్లో చెప్పేస్తారు. మిగతా ప్రయత్నమంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందుగా అది చూపించుకోండి.

ఎంపికయ్యాక శిక్షణ. ప్రయాగ్‌రాజ్‌లో, బమ్రౌలీ విమానాశ్రయం పక్కన, సివిల్ ఏవియేషన్ ట్రైనింగ్ కాలేజీ ఉంది. 1948 నాటిది, మన దేశంలో కంట్రోలర్లకు పుట్టిల్లు లాంటిది. హైదరాబాద్‌లో బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఏఏఐ శిక్షణ కేంద్రం ఉంది, మహారాష్ట్రలో గోండియాలో ఇంకొకటి ఉంది. మిమ్మల్ని ఎక్కడికి పంపాలో వాళ్లే నిర్ణయిస్తారు. శిక్షణకు మీరు ఫీజు కట్టరు, పైగా మీకే డబ్బు ఇస్తారు. దానికి బదులుగా శిక్షణ అయ్యాక మూడేళ్లు పనిచేస్తానని బాండ్ రాయాలి. మధ్యలో మానేస్తే లక్షల్లో కట్టాల్సి వస్తుంది కాబట్టి ఆ కాగితం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చదివి సంతకం చేయండి.

కాలేజీలో మొదట వచ్చేది పుస్తకమే. గగనతల నియమాలు, వాతావరణ శాస్త్రం, నావిగేషన్, విమానాల రకాలు, వాటి వేగాలు, ఐకావో అనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రాసిన పద్ధతులు. రెండు విమానాల మధ్య ఎంత దూరం ఉండాలన్నది ఈ ఉద్యోగానికి గుండెకాయ. నిలువుగా చాలా వరకు వెయ్యి అడుగులు. రాడార్ మీదైతే ఎయిర్‌పోర్టు దగ్గర 3 నాటికల్ మైళ్ల దాకా దగ్గరికి రానివ్వవచ్చు, దూర మార్గాల్లో సాధారణంగా 5. రాడార్ లేని చోట నిమిషాల లెక్క. ఆ నిమిషాల లెక్కను ప్రొసీజరల్ కంట్రోల్ అంటారు. తెర మీద చుక్క కనబడదు. పైలట్ చెప్పిన స్థానం, టైమ్, ఎత్తు కాగితపు స్ట్రిప్ మీద రాసుకుని, ఆకాశంలో ఎవరెక్కడున్నారో బుర్రలోనే బొమ్మ కట్టుకోవాలి. రాడార్లు ఇన్ని ఉన్న కాలంలో ఇదెందుకని కొత్తవాళ్లు విసుక్కుంటారు. నా అభిప్రాయంలో కంట్రోలర్ తయారయ్యేది ఇక్కడే. తెర ఆరిపోయిన రోజున పనికొచ్చేది ఈ బొమ్మ ఒక్కటే.

ఆ తర్వాత సిమ్యులేటర్. చుట్టూ రన్‌వే కనబడే టవర్ నమూనా గది, రాడార్ తెరల గది రెండూ ఉంటాయి. పక్క గదిలో పైలట్ల పాత్ర పోషించేవాళ్లు మాట్లాడుతుంటారు. మొదట నాలుగు విమానాలు, తర్వాత ఎనిమిది, ఒకదానికి ఇంజన్ ఫెయిల్, ఇంకోదానికి రేడియో పోయింది, రన్‌వే మీద కుక్క. అక్కడ తప్పు చేయడానికి సిగ్గుపడకండి. ఆ గది కట్టిందే తప్పులు అక్కడ అయిపోవాలని.

పరీక్షలు పాసై పోస్టింగ్ తీసుకున్నాక కూడా మీరు ఇంకా కంట్రోలర్ కాదు. ఈ సంగతే బయటివాళ్లకు తెలియదు, మీకు ఎవరూ చెప్పి ఉండరు. పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే విద్యార్థి లైసెన్సుతో మీ స్టేషన్‌లో ఓజేటీ, అంటే పనిచేస్తూ నేర్చుకోవడం, మొదలవుతుంది. నిజం విమానాలు, నిజం ప్రయాణికులు. పక్కనే ఇన్‌స్ట్రక్టర్ రెండో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటారు. మీరు మాట్లాడేదంతా వింటూ, అవసరమైతే మధ్యలో అందుకుంటారు. ఆ సీటుకు బాధ్యత వారిదే. ఐకావో కనీస లెక్క ప్రకారం టవర్ రేటింగ్ కోసం, అంటే ఆ సీట్లో సొంతంగా పనిచేసే అర్హత కోసం, కనీసం 90 గంటలు లేదా ఒక నెల, ఏది ఎక్కువైతే అది, ఆ యూనిట్‌లోనే పనిచేసి ఉండాలి. అప్రోచ్ (ఎయిర్‌పోర్టుకు వచ్చే పోయే విమానాలను చూసే సీటు), ఏరియా కంట్రోల్‌ (దూర మార్గాల్లోని విమానాలను చూసే సీటు) అయితే 180 గంటలు లేదా మూడు నెలలు. అది కనీసం మాత్రమే. రద్దీ స్టేషన్లలో ఇంకా ఎక్కువే పడుతుంది. చివర్లో బోర్డు కూర్చుని అసెస్‌మెంట్ చేస్తుంది. పాసైతేనే ఆ స్టేషన్‌లో, ఆ సీటుకు రేటింగ్.

ఆ రేటింగ్ ఆ చోటికే చెల్లుతుంది. మీ గోదావరి పాయల మీద ఒక రేవులో పాతికేళ్లు పడవ నడిపిన సరంగు ఇంకో రేవుకి వెళ్తే అక్కడి ఇసుక మేటలు, సుడులు మళ్లీ నేర్చుకోవాల్సిందే కదా, ఇదీ అంతే. గన్నవరం టవర్‌లో ఆరితేరిన మనిషి చెన్నై ఏరియా కంట్రోల్‌కి బదిలీ అయితే మళ్లీ విద్యార్థే. మళ్లీ కోర్సు, మళ్లీ ఓజేటీ, మళ్లీ బోర్డు. అక్కడి మార్గాలు, పాయింట్ల పేర్లు, కొండల ఎత్తులు, పక్క యూనిట్‌తో ఒప్పందాలు అన్నీ తెల్లకాగితం మీద చూడకుండా గీయగలగాలి. ఒకే చోట ఉన్నా, ఆరు నెలలకు మించి సీట్లో కూర్చోకపోతే రేటింగ్ పోతుంది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మీరు ఎన్నోసార్లు జూనియర్ల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. అది ఇష్టపడి చేసేవాళ్లు ఈ ఉద్యోగంలో హాయిగా ఉంటారు. ఒకసారి పరీక్ష రాస్తే జీవితాంతం నిశ్చింత అనుకుని వచ్చినవాళ్లు బాధపడతారు. మీరు ఏ కోవకి చెందుతారో ఇప్పుడే ఆలోచించుకోండి, ఎందుకంటే పరీక్ష ఈ సంగతి తేల్చదు.

ఓజేటీలో నేను చూసినంతవరకు వెనకబడేది తెలివి తక్కువ వాళ్లు కాదు, తెలియనిది దాచుకునేవాళ్లు. పైలట్ చెప్పింది సరిగా వినబడలేదు, మళ్లీ అడిగితే ఇన్‌స్ట్రక్టర్ ఏమనుకుంటారో అని ఊహించి జవాబు చెబుతారు. వినబడకపోతే ‘సే అగైన్’ అనండి, ఎన్నిసార్లైనా. మీ సూచనను పైలట్ తిరిగి చెప్పేటప్పుడు, రీడ్‌బ్యాక్ అంటాం దాన్ని, చెవి పూర్తిగా అక్కడే పెట్టండి. మనసు తర్వాతి విమానం మీదికి పోతూ ఉంటుంది, పోనివ్వకండి.

ఇక్కడే మీ ఇంగ్లీషు బెదురు సంగతి వస్తుంది. 1996 నవంబర్ 12 సాయంత్రం ఢిల్లీకి పశ్చిమంగా, హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొన్నాయి. రెండింట్లో ఉన్న 349 మందీ పోయారు. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, సౌదీ విమానం 14,000 దగ్గర. కంట్రోలర్ ఎదురుగా విమానం వస్తోందని కూడా చెప్పారు. కజక్ విమానం 15,000 దాటి కిందికి దిగింది. విచారణలో ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాకపోవడం, కాక్‌పిట్‌లో సమన్వయం లేకపోవడం బయటపడ్డాయి. అప్పటి ఢిల్లీ రాడార్ విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించేది కాదు. ఆ తర్వాతే ఎత్తు చూపించే రాడార్లు, వచ్చే పోయే విమానాలకు వేర్వేరు దారులు, ఢీకొనకుండా హెచ్చరించే పరికరాలు తప్పనిసరి అయ్యాయి. అందుకే ఇంగ్లీషు పరీక్షను అందరూ ఇంత గట్టిగా పట్టుకుంటారు.

అయితే వాళ్లు కోరే ఇంగ్లీషు మీరు భయపడే ఇంగ్లీషు కాదు. ఐకావో ఆరు స్థాయిలు పెట్టింది, కంట్రోలర్‌కు నాలుగోది చాలు. మన యాస ఉండొచ్చు, అవతలివాళ్లకు అర్థమైతే సరి. రేడియోలో మాట్లాడే వాక్యాలు చాలావరకు ముందే కట్టి ఉంచినవి. అంకెలకు కూడా పలికే పద్ధతి ఉంది: త్రీని ‘ట్రీ’ అనీ, ఫైవ్‌ని ‘ఫైఫ్’ అనీ, నైన్‌ని ‘నైనర్’ అనీ అంటారు, గరగరలో కూడా పొరబాటు పడకుండా. తెలుగు మీడియంలో చదివి ఈ ఉద్యోగం చక్కగా చేస్తున్నవాళ్లు నాకు తెలుసు. కష్టం వచ్చేది ముందే కట్టిన వాక్యాల్లో ఇమడని సందర్భాల్లో. విమానంలో గుండెనొప్పి వచ్చిన ప్రయాణికుడు ఉన్నాడు, పైలట్ సొంత మాటల్లో చెబుతున్నాడు, మీరు సొంత మాటల్లో అడగాలి. అందుకు రోజూ అరగంట పెట్టండి. ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. తర్వాత అదే సంగతి పేపర్ మూసి మీ మాటల్లో చెప్పండి. వేగం పెంచకండి, మధ్యలో ‘అఁ’, ‘మ్’ అనడం తగ్గించండి. విదేశీ విమానాశ్రయాల రేడియో సంభాషణలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాదు, కంగారుపడకండి. ఏఐపీ ఇండియా అనే అధికారిక సమాచార గ్రంథం ఏఏఐ వాళ్లే ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. అందులో మీకు దగ్గర్లోని రాజమండ్రి విమానాశ్రయం పటం తీసి చూడండి. ఆసక్తి నిజమైనదైతే ఆ పటం మిమ్మల్ని గంటసేపు కూర్చోబెడుతుంది.

బాబాయి గారి మాట. అమెరికాలో కంట్రోలర్లను తీసుకునేది అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ. ఓక్లహోమా సిటీలోని అకాడమీలో నేర్పుతుంది. అమెరికా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్ కార్డు కూడా సరిపోదు. కొత్తగా చేరేవాళ్లకు 31 ఏళ్లు నిండకూడదు. స్టూడెంట్ వీసా మీద వెళ్లి ఆ కోర్సులు చదవొచ్చేమో గానీ టవర్‌లో సీటు రాదు. కెనడాలోనూ పౌరులకో, శాశ్వత నివాసులకో మాత్రమే అవకాశం. మీ బాబాయికి డల్లాస్‌లో పుట్టిన పిల్లలుంటే వాళ్లకైతే ఆ దారి తెరిచే ఉంది, వాళ్లకి చెప్పండి. మీకు విదేశం మీద మనసుంటే, ఇక్కడ రాడార్ రేటింగులు సంపాదించి కొన్నేళ్ల అనుభవం వచ్చాక గల్ఫ్ దేశాల ప్రకటనలు చూడొచ్చు, వాళ్లు తయారైన కంట్రోలర్లను తీసుకుంటారు.

ఇంకో తలుపు కూడా ఉంది. విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళానిది, అక్కడి కంట్రోలర్లు నేవీ అధికారులు. నేవీ ఏటీసీ అధికారులుగా ఇంజనీరింగ్ వాళ్లను తీసుకుంటుంది కాబట్టి అది మీకు కుదరదు. ఎయిర్‌ఫోర్స్‌లో మాత్రం అఫ్‌క్యాట్ పరీక్ష రాసి, 60 శాతం మార్కుల డిగ్రీతో అడ్మినిస్ట్రేషన్ బ్రాంచిలో చేరినవాళ్లలో కొందరికి ఏటీసీ పని ఇస్తారు. ఏడాదికి రెండుసార్లు వస్తుంది, 20 నుంచి 26 ఏళ్ల మధ్య వయసువాళ్లు రాయొచ్చు. యూనిఫాం జీవితం మీకూ ఇంట్లో వాళ్లకూ ఇష్టమైతే దాన్నీ రాయండి.

అమ్మగారి భయం గురించి. రాత్రి డ్యూటీ తప్పదు, ఆ మాట దాచి ఒప్పించకండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, తర్వాత సెలవు అంటూ చక్రంలా తిరుగుతుంది. పండగలకు కూడా ఎవరో ఒకరు టవర్‌లో ఉండాలి. డ్యూటీ గంటలకూ మధ్యలో విశ్రాంతికీ డీజీసీఏ పరిమితులు పెట్టింది. టవర్ ఉండేది విమానాశ్రయం లోపల, కాపలా ఉన్న చోట. ఆడపిల్లలు ఒంటరిగా కూర్చునే ఉద్యోగం కాదు, షిఫ్టులో తోటివాళ్లుంటారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. అమ్మగారు అసలు అడగాల్సింది మొదటి పోస్టింగ్ గురించి. అది ఆంధ్రలో రాకపోవచ్చు, ఈశాన్య రాష్ట్రాల్లోనో, రాజస్థాన్‌లోనో పడొచ్చు. సెలవు దొరికినా కోనసీమ చేరడానికి రెండు రోజులు పట్టే చోటు కావొచ్చు. దానికి ఇంట్లో అందరూ సిద్ధమేనా అన్నది దరఖాస్తు పెట్టకముందే కూర్చుని మాట్లాడుకోండి.

ముందుగా చేయాల్సినవి రెండే, కంటి డాక్టర్ దగ్గర రంగుల పరీక్ష, కాలేజీ నుంచి ఆ ధ్రువీకరణ పత్రం. రంగుల పరీక్షలో ఏమైనా తేడా చెబితే కుంగిపోకండి, ఆ ఫలితంతో మళ్లీ ఉత్తరం రాయండి. ఏఏఐలోనే మీ డిగ్రీతో రాయగల వేరే పోస్టుల గురించి చెబుతాను.